అమలాపురం దాకా సాగనంపారు

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా కళ్యాణదుర్గంలో అందరూ అడిగేది కొబ్బరిచెట్ల గురించి. కాస్త తెలిసినవాళ్ళు పులస గురించి అడుగుతారు. నేను వెళ్ళింది పులసల కాలం కాదు. అయినా తినేదాన్ని కాదు, ఆ ఒక్క చేపకి వాళ్ళు చెప్పే ధరకి మా వైపు మేకపిల్ల వస్తుంది. కొబ్బరిచెట్లు మాత్రం చూశాను. అక్కడ వాటిని చూడకుండా ఉండాలంటే కళ్ళు మూసుకుని తిరగాలి. కానీ ఉన్నన్ని రోజులూ నేను ఎక్కువగా చూసినవి కాళ్ళు. అంచేత ఈ యాత్రలో ప్రకృతి తక్కువ, మడమలు ఎక్కువ. అన్నం తింటూ చదివేవాళ్ళు చెయ్యి కడుక్కుని వచ్చి చదవడం మంచిది.

నేను నర్సింగు పాఠాలు చెప్పేదాన్ని. షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ పోతుంది. మేకు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడినా నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు, ఆ ఊరుకోవడంలో కాలు పోతుంది. ఇంటింటికీ వెళ్ళి అలాంటి పాదాల్ని ముందే ఎలా కనిపెట్టాలో ఆశా కార్యకర్తలకీ, నర్సింగు చివరి ఏడాది పిల్లలకీ నేర్పుతుంటాను. ఒక సేవాసంస్థవాళ్ళు అదే పని మీద పిలిస్తే కోనసీమ వెళ్ళాను.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి, బస్సులో గోదావరి దాటాను. మా వైపు వంతెనలు ఇంతకంటే పొడుగ్గానే కడతారు గానీ కింద నీళ్ళుండవు. ఇక్కడ ఉన్నాయి. కాసేపు ఎవరో నీళ్ళు వృథా చేస్తున్నట్టే అనిపించింది.

రావులపాలెంలో అరటిగెలలు మనుషుల కంటే ఎక్కువ. కొత్తపేట బస్సెక్కడ ఆగుతుందని ఒక పెద్దమనిషిని అడిగాను. మా ఊళ్ళో అయితే గడ్డంతో అటు చూపిస్తారు. ఈయన నా సంచి అందుకుని, నాతో నడిచి, బస్సు వచ్చేదాకా నిలబడి, సీటు చూపించి, కండక్టరుకి అప్పజెప్పి, కిటికీలోంచి రెండు అరటిపళ్ళు ఇచ్చారు. బస్సు కదిలేదాకా అక్కడే ఉన్నారు. నేను వెంటనే పర్సు తడుముకున్నాను. ఉంది. అప్పటికి ఆ మర్యాద నాకు అలవాటు లేదు కాబట్టి, కొత్తపేట దాకా మధ్యమధ్య తడుముకుంటూనే ఉన్నాను.

కొత్తపేట

శిక్షణ మొదలయ్యే ముందు అందరికీ ఆత్రేయపురం పూతరేకులు పెట్టారు. మొదటి పాఠం షుగరు వ్యాధి. వద్దంటే బాగుండదని రెండు తిని, పెదాలకంటిన చక్కెర తుడుచుకుని, తీపి తగ్గించాలని చెప్పాను. అందరూ ఆయ్ అన్నారు, అక్కడి భాషలో అవునండి అని.

నా పద్ధతిలో పాఠం తర్వాత నాటకం ఉంటుంది. ఒకరు నర్సు, ఒకరు రోగి. రోగి ఆసుపత్రికి రానని మొండికేయాలి, నర్సు ఒప్పించాలి. మా వైపు ఈ నాటకం బాగా రక్తి కడుతుంది. అక్కడి రోగి మొదట వద్దంటాడు, తర్వాత తిడతాడు, ఆ తర్వాత వస్తాడు. కొత్తపేటలో నాటకం మొదలైన మరుక్షణమే అయిపోయింది. నర్సు ఆసుపత్రికి రమ్మంది. రోగి తప్పకుండా వస్తానండి, కాఫీ తాగుతారా అంది.

మొండికేయమ్మా అని ఆ రోగికి చెప్పాను. ఆ పిల్ల పేరు ప్రశాంతి. రాజోలు దగ్గర పల్లెటూరు. మేనత్త కువైట్‌లో పనిచేస్తూ ఫీజులు కడుతోంది. గొంతు ఎంత మెత్తన అంటే, ముందు బెంచీలో కూర్చున్నా వెనక బెంచీ నుంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

"ఇంటికొచ్చిన మనిషిని మొహం మీద రానని ఎలాగంటామండి?" అంది.

మరి ఇక్కడివాళ్ళకి రావడం ఇష్టం లేకపోతే ఏం చేస్తారని అడిగాను. వస్తానంటారు, రారు అంది. మిగతావాళ్ళంతా తలూపారు. ఆ మధ్యాహ్నమంతా కాదనడం ఎలాగో నేర్పాను. ఆశా కార్యకర్తలు, చదువుకున్న పిల్లలు, ఒక్కరికీ రాలేదు. అందరిలోకీ గట్టిగా కాదన్న ఆవిడ కూడా చివర్లో ఏమనుకోకండి అంది.

పలివెల

మర్నాడు పలివెలలో ఇళ్ళకి తీసుకెళ్ళాను. పాదాల స్పర్శ చూడటానికి మా దగ్గర సన్నని నైలాన్ దారం ఉంటుంది. రోగిని కళ్ళు మూసుకోమని, పాదం మీద అక్కడక్కడా దారంతో తాకి, తెలిస్తే చెప్పమంటాం. చిన్నపిల్లలైనా చేయగలిగిన పరీక్ష.

మొదటి ఇంట్లో పెద్దాయనకి అన్నిచోట్లా తెలిసింది. రెండో ఇంట్లో అవ్వకీ అన్నిచోట్లా తెలిసింది. షుగరు మూడువందలకి తక్కువ లేని మనుషులకి పాదాలు పసిపిల్లల పాదాల్లా పనిచేస్తున్నాయి. మూడో ఇంట్లో నాకు అనుమానమొచ్చి, దారాన్ని గాల్లోనే పట్టుకుని, తెలిసిందా అమ్మా అని అడిగాను.

"ఆయ్. బాగా తెలిసిందండి" అంది ఆవిడ, కళ్ళు మూసుకునే.

ఎండలో అంత దూరం నుంచి వచ్చి, నేల మీద కూర్చుని, తన కాలు పట్టుకున్న మనిషికి తెలియలేదని చెప్పి చిన్నబుచ్చడం ఆవిడకి ఇష్టం లేదు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆవిడ అప్పటికే మాకు పనసపొట్టు కూరతో అన్నం వడ్డిస్తోంది. కోపాన్నీ కూరనీ ఒకేసారి మింగడం కష్టం కాబట్టి కూర తిన్నాను. మా వైపు పనసకాయని ఇంత సన్నగా కొట్టే ఓపిక ఎవరికీ లేదు, ఉన్నా పనసకాయ లేదు.

ఆ సాయంత్రం పాఠం మార్చాను. తెలిసిందా అని అడగకూడదు. ఇప్పుడు తాకింది కుడికాలా, ఎడమకాలా, ఏ వేలు అని అడగాలి. మర్యాద కోసం ఎవరూ సరైన వేలు పేరు చెప్పలేరు.

అంబాజీపేట మీదుగా రాజోలు

అంబాజీపేటలో బస్సు దిగి పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని బుట్టలా కుట్టి అందులో ఉడికించిన ఇడ్లీ అనుకోండి. ఆకు వాసన పిండికి పడుతుంది. మొదటిసారి ఆకుతో సహా కొరికాను. కొట్టాయన చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకున్నారు. మా ఊళ్ళో అయితే పక్క వీధివాళ్ళని కూడా పిలిచి చూపించేవాళ్ళు.

రాజోలు దగ్గరి పల్లెలో మమ్మల్ని తిప్పింది అక్కడి ఆశా కార్యకర్త వెంకటలక్ష్మి గారు. సత్తిబాబు గారి ఇంటికి ముందుగా తీసుకెళ్ళింది ఆవిడే. సత్తిబాబు గారు దింపు కార్మికుడు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే మనిషి. కాళ్ళకి తాడు బందం వేసుకుని ఎక్కుతారు. షుగరు ఎన్నాళ్ళుగానో ఉంది. కుడికాలి చిటికెన వేలి పక్కన బందం ఒరుసుకుని పుండు పడింది.

మేం గేటు తీసేసరికి వాకిట్లో ఎవరూ లేరు. పైనుంచి "కూర్చోండి" అని వినిపించింది. తలెత్తి చూస్తే ఆయన చెట్టు మీద ఉన్నారు. మేం వస్తున్నామని తెలిసి బొండాలు దింపడానికి ఎక్కారట. మేం వచ్చింది ఆ కాలు నేల మీద కూడా మోపొద్దని చెప్పడానికి. బొండాలు తాగకపోతే బాగుండదు. తాగాం. మా ఊళ్ళో యాభై రూపాయలు పెట్టినా అంత నీరుండదు.

ప్రశాంతి కొత్త పద్ధతిలో దారం పెట్టింది. ఎడమకాలికి అన్నీ సరిగ్గానే చెప్పారు. కుడిపాదానికి తాకినప్పుడు చాలాసేపు ఆలోచించి, అదే వేలండి, అన్నారు. ఏ వేలో చెప్పమంటే, మీరేది తాకేరో అదేనండి అన్నారు. కట్టు విప్పాం. పుండు లోతుగా ఉంది, చుట్టూ ఎరుపు. నొప్పి అసలు లేదని ఆయన శుభవార్తలా చెప్పారు.

వెంటనే ఆసుపత్రిలో చేరాలని చెప్పాను. చేరితే పుండు వరకే పోతుంది, ఆగితే పాదం పోతుంది, ఇంకా ఆగితే మోకాలు. పాదం లేని దింపు కార్మికుడు ఏం చేస్తాడో నేను చెప్పాల్సిన పని లేదు. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఆయ్. రేపే వెళ్తానండి" అన్నారు.

గేటు బయట వెంకటలక్ష్మి గారు అసలు సంగతి చెప్పారు. మా కంటే ముందు ఆవిడ 108ని కూడా పిలిపించారట. సత్తిబాబు గారు డ్రైవరుకి కాఫీ ఇచ్చి, వచ్చేవారం తప్పకుండా వస్తానని చెప్పి, అంబులెన్సుని ఖాళీగా రోడ్డు దాకా సాగనంపి వచ్చారట.

ఆయన భార్య మంగ గారు కట్టు బట్టలు ఉతికే వంకతో ప్రశాంతికి మిగతాది చెప్పారు. "వాళ్ళన్నయ్య గారు రెండు కాళ్ళతో ఆస్పత్రికెళ్ళేరమ్మా, ఒంటి కాలితో వచ్చేరు. అప్పట్నుంచీ ఈయన అటేపు బస్సు కూడా ఎక్కరు."

అన్నగారిది ఆలస్యంగా వెళ్ళడం వల్ల పోయింది. ఆసుపత్రికి వెళ్ళడం వల్ల పోయిందని వీళ్ళకి అర్థమైంది. ఆ రెంటికీ తేడా చెప్పడానికి రోజూ వెళ్ళాం. రోజూ పిల్లలు కట్టు మార్చారు. రోజూ ఆయన మేం చెప్పినదంతా ఒప్పుకుని, రేపు వెళ్తానన్నారు. ఒకరోజు నాకు తిక్కరేగి మా ఊరి గొంతు బయటికొచ్చింది. నీ కాలు పోతుందయ్యా, నీకు చెప్పేదానికంటే ఆ చెట్టుకి చెప్పేది మేలు అని అరిచాను. ఆయన నొచ్చుకోలేదు. నిజమేనండి అన్నారు. మంగా, మేడమ్ గారికి గొంతారిపోయింది, మజ్జిగ తే అన్నారు.

దిండి

ఆ పూట నన్ను చల్లబరచడానికి పిల్లలు దిండి తీసుకెళ్ళారు. గోదావరిలో ఇళ్ళలాంటి పడవలు. ఒకదాంట్లో మంచం, ఏసీ, కర్టెన్లు కూడా ఉన్నాయి. రాత్రికి అద్దె అడిగి, ఒడ్డున నిలబడి చూశాను. ఒడ్డు మీద నుంచి కూడా బాగానే కనిపించింది.

పిల్లలు ఫోటోలు దిగుతుంటే ప్రశాంతి నా పక్కన కూర్చుంది. మధ్యాహ్నం కట్టు మార్చినప్పుడు సత్తిబాబు గారి చిటికెన వేలు కొసన నల్లగా కనిపించిందని చెప్పింది. ఎర్రటి పాదంలో నల్లటి వేలంటే కుళ్ళు మొదలైనట్టేనని దానికి నేనే నేర్పాను. నాకు భయమేసింది. మర్నాడు నా తిరుగు ప్రయాణం. ఇక ఆయన చెప్పే రేపు అనేదాన్ని చూడటానికి నేనుండను.

ప్రశాంతి మెల్లగా అంది. "మేడమ్ గారూ, రేపు అమలాపురం దాకా తోడు రమ్మని ఆయన్ని అడగండి."

అనంతపురం జిల్లా నుంచి ఒక్కదాన్నే వచ్చాను, అమలాపురానికి నాకు తోడెందుకన్నాను.

"మీకక్కర్లేదండి. కానీ ఊరెళ్తున్న మనిషి నోరు తెరిచి అడిగితే ఇక్కడెవరూ రానని అనరండి."

రేపు ఆసుపత్రికి వస్తానని రాకపోవచ్చు, అది తన సొంత పని. వెళ్ళిపోయే అతిథిని ఒంటరిగా పంపించడం అలా కాదు, అది ఇంటి పరువు. ఆ పిల్ల నాటకంలో ఒక్కసారి కూడా గెలవలేదు. దానికి మార్కులు తక్కువ వేసినందుకు ఆ ఒడ్డున కాస్త సిగ్గుపడ్డాను. మార్చలేదు.

మళ్ళీ ఆ గేటు దగ్గర

తోడు అడగడం నాకు చేతకాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆయన్ని కూడా అడగలేదు. దిండి నుంచి వస్తూ దారిలో సత్తిబాబు గారింట్లో ఆగి, కాలి ఊసెత్తకుండా, రేపు వెళ్తున్నాను, దారి కొత్త, సామాను బరువు, అమలాపురంలో పెద్దాసుపత్రిలో కాస్త పనుంది, అక్కడి దాకా తోడు వస్తారా అని అడిగాను. నా చెవులకే అబద్ధంలా వినిపించింది. నా సామానంతా భుజానికి తగిలించుకునే ఒక్క సంచి, అది ఆయన కళ్ళెదుటే ఉంది.

ఆయన సంచి వైపు చూశారు. తన కాలి వైపు చూశారు. మంగ గారి వైపు చూశారు. ఆవిడ చీపురు పుల్లలు సరిచేసుకుంటోంది.

"పొద్దున్న ఎన్నింటికి బయల్దేరదామండి?" అన్నారు.

పొద్దున్నే తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డసంచీతో సిద్ధంగా ఉన్నారు. సంచిలో ఏమిటంటే, మీక్కొబ్బరికాయలండి అన్నారు. కాలు మోపొద్దని రోజూ మొత్తుకున్న నేనే ఆ మనిషిని నాకు తోడుగా నడిపించకూడదు కాబట్టి, బస్టాపు దాకా వెళ్ళడానికి వెంకటలక్ష్మి గారు గుమ్మం ముందుకే ఆటో పిలిపించారు. నా సంచి ఆయన మోస్తానన్నారు. ఆయన సంచి నేను మోస్తానన్నాను. ఇద్దరం కాసేపు మర్యాదగా లాక్కున్నాం. ప్రశాంతి రెండూ తీసుకుని మాతో పాటు ఎక్కింది.

బస్సులో ఆయన నాకు దారంతా చూపించారు. ఏ తోట ఎవరిది, ఏ తోటలో చెట్లు పొడుగు, ఎక్కడ పాము కనిపించింది. వైనతేయ వంతెన మీదికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రెండు మోకాళ్ళనీ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఈ అమాయకుణ్ణి మోసం చేసి తీసుకెళ్తున్నానని అప్పుడు నాకు బాధేసింది. చేయాల్సిన మోసమే. అయినా బాధేసింది.

అమలాపురం

ఆసుపత్రి దగ్గర, నాతో లోపలికి వస్తారా అన్నాను. పదండి అన్నారు. డాక్టరు గది ముందు బెంచీ మీద, ఎలాగూ వచ్చాం కదా, కాలు కూడా చూపిద్దామా అన్నాను. ఆ మాట నేను బస్సులో చాలాసార్లు మనసులో చెప్పి చూసుకున్నాను. ఆయన అప్పటికే కట్టు ముడి విప్పుతున్నారు.

డాక్టరు చూసి వెంటనే చేర్చుకోమన్నారు. చిటికెన వేలు దక్కదు, పాదం దక్కించుకోవచ్చు, ఇంకో రెండు రోజులాగితే ఆ మాట కూడా చెప్పేదాన్ని కాదు అన్నారావిడ. వార్డులో సిస్టరమ్మ, బట్టలవీ తెచ్చుకున్నారా అని అడిగింది. తెచ్చుకోలేదమ్మా, ఈయన ఊరికే నాకు తోడు వచ్చారు, బజారుకెళ్ళి కొంటాను అని నేను మొదలుపెట్టాను.

సత్తిబాబు గారు ప్రశాంతి చేతిలోంచి గుడ్డసంచి తీసుకుని మంచం మీద పెట్టారు. అందులోంచి రెండు లుంగీలు, తువ్వాలు, స్టీలు కంచం, గ్లాసు, దువ్వెన, షుగరు మాత్రలు, ఆరోగ్యశ్రీ కార్డు వరసగా బయటికొచ్చాయి. అడుగున రెండు కొబ్బరికాయలున్నాయి. అవి నా వైపు జరిపారు.

"ఇయ్యి మీవండి" అన్నారు.

నేను కొబ్బరికాయలు అందుకున్నాను. ఎప్పుడు సర్దుకున్నారని ప్రశాంతి అడిగింది.

"మీరు మొదట వచ్చిన రోజే మంగ సర్దేసిందమ్మా. రోజూ పొద్దున్న సంచట్టుకుని గుమ్మం దాకా వచ్చేవోణ్ణి. అన్నయ్య గుర్తొచ్చి, అడుగు పడేది కాదు. మేడమ్ గార్ని దింపి రావాలంటే, అది వేరే పని కదమ్మా. వచ్చేశేను."

మోసపోయింది నేనొక్కదాన్నే అన్నమాట. ఏడుపొచ్చింది. వార్డులో నర్సు ఏడిస్తే రోగులు బెదురుతారని పిల్లలకి చెబుతుంటాను కాబట్టి, కొబ్బరికాయల పీచు చూస్తున్నట్టు తల దించుకున్నాను. ఆయన దిగులు మాత్రం వేరే. నన్ను బస్సెక్కించలేకపోతున్నారు. ప్రశాంతిని పిలిచి, మేడమ్ గారికి కిటికీ సీటు చూడమ్మా, బస్సు కదిలేదాకా ఉండు అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ప్రశాంతి నన్ను బస్సెక్కించి, కండక్టరుకి అప్పజెప్పి, బస్సు కదిలేదాకా నిలబడింది. ఈసారి పర్సు తడుముకోలేదు.

ఇల్లు చేరిన రోజే ఆయన ఫోను. క్షేమంగా చేరేరా, భోజనం చేసేరా అని అడిగారు. నేను కాలి సంగతి అడిగితే, చిన్నదేనండి, తీసేశారు, కాయలు బాగున్నాయా అన్నారు. పాదం దక్కింది. పుండు పూర్తిగా మానేదాకా చెట్టెక్కకూడదు, ఆ తర్వాత సంగతి డాక్టరు చూసి చెప్పాలి. ఈ మాట ఆయనకి చెప్పినప్పుడు ఆయ్ అన్నారట. ఆ ఆయ్ ఎలాంటిదో కనిపెట్టే పని వెంకటలక్ష్మి గారికి అప్పగించాను.

మిగతాది ప్రశాంతి చెప్పింది. డిశ్చార్జి రోజున అదే వెళ్ళి ఆయన్ని ఆటోలో ఇంటి దాకా దింపిందట. కాఫీ తాగి అది లేచేసరికి ఆయనా లేచి, బస్టాపు దాకా వస్తానని బయల్దేరబోయారట. మంగ గారు వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారట. ఇక చేసేది లేక ఆయన గడప లోపలే ఆగి, ఇంతకంటే రాలేకపోతున్నాను, ఏమనుకోకమ్మా అని చాలాసేపు క్షమాపణ చెప్పుకున్నారట. రెండు కాళ్ళ మీదా నిలబడి చెప్పుకున్నారట.